పాముకి వేడి: థర్మోస్టాట్ ముందు, హీటర్ తర్వాత

పాముకి ఏ హీటర్ కొనాలి అని అడిగేవాళ్లని ముందు తిరిగి అడగాల్సింది ఒకటుంది. ఎన్‌క్లోజర్ (పాముని ఉంచే పెట్టె) పెట్టబోయే గదిలో, ఏడాది మొత్తంలో బాగా చల్లగా ఉండే రోజు తెల్లవారుజామున ఎన్ని డిగ్రీలు ఉంటుంది? అది తెలియకుండా బల్బా, మ్యాటా, ప్యానెలా అని తర్జనభర్జన పడటం కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడమే. గది 24 దగ్గర నిలకడగా ఉంటే చిన్న హీటర్‌తో పని జరిగిపోతుంది. అదే గది రాత్రికి 15కి దిగిపోతే ఆ హీటర్ తెల్లవార్లూ ఆగకుండా నడిచినా చాలదు. (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.)

పాము తన ఒంటికి కావాల్సిన వేడిని తనే పుట్టించుకోలేదు. గుడ్లని చుట్టుకుని పొదిగే కొన్ని జాతుల ఆడ కొండచిలువలు కండరాలు అదిరించి కాస్త వేడి తెచ్చుకుంటాయి, అది మినహాయింపు. మిగతా పాములన్నీ వేడి చోటుకీ చల్లని చోటుకీ తిరుగుతూ ఒంటిని సరిచూసుకుంటాయి. అందుకే ఎన్‌క్లోజర్ అంతా ఒకే వేడిలో ఉంచితే ఆ అంకె ఎంత ‘సరైనదైనా’ ఏర్పాటు తప్పే. ఒక కొస వేడిగా, రెండో కొస చల్లగా ఉండాలి. రెండు వైపులా దాక్కోవడానికి గూడు ఉండాలి. చల్లని వైపు గూడు లేకపోతే పాము భయానికి వేడి వైపు గూట్లోనే ఉండిపోతుంది, ఒంటికి పడకపోయినా సరే.

బాల్ పైథాన్‌కి వేడి వైపు పడుకునే ఉపరితలం 31–33, చల్లని వైపు 24–27 ఉంటే బాగుంటుంది. బోవాకీ దాదాపు ఇవే. కార్న్ స్నేక్, కింగ్ స్నేక్‌లకి వేడి వైపు 29–31 చాలు, చల్లని వైపు 22–25. హాగ్‌నోస్‌కి వేడి వైపు 31–33 ఇచ్చి, రెండో కొసని 23–25 దగ్గర ఉంచాలి. గ్రీన్ ట్రీ పైథాన్ లాంటి చెట్టు పాముల విషయంలో ఈ తేడా అడ్డంగా కాదు, నిలువుగా ఉండాలి: పై కొమ్మ మీద 29–31, కింద 24–26. రాత్రిపూట రెండు మూడు డిగ్రీలు తగ్గితే చాలా జాతులకి ఇబ్బంది లేదు, కార్న్ స్నేక్ అయితే 20–21ని కూడా ఓర్చుకుంటుంది.

వేడి చాలకపోతే మొదట తెలిసేది తిండి దగ్గరే. మింగిన ఎలుక అరగక రెండు మూడు రోజులకి కక్కేస్తుంది. అలా కక్కితే వెంటనే మళ్లీ పెట్టకూడదు. ముందు వేడి సరిచేసి, 10–14 రోజులు ఆగి, ఈసారి చిన్నది పెట్టాలి. చలి, తేమ రెండూ కలిసి చాలాకాలం ఉంటే ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలవుతాయి. అది పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన స్థితి. వేడి ఎక్కువైతే పాము అద్దానికి ముక్కు రాస్తూ తిరుగుతుంది, నీళ్ల గిన్నెలోంచి బయటికి రాదు. చలి వల్ల వచ్చే నష్టం రోజుల్లో బయటపడుతుంది, సరిదిద్దుకోవడానికి టైం ఇస్తుంది. వేడి అలా కాదు. పారిపోవడానికి చోటు లేనప్పుడు 38–40 డిగ్రీలు కొన్ని గంటల్లో ప్రాణం తీయగలవు. పరికరాలు ఎంచుకునేటప్పుడు ఈ తేడాని మనసులో పెట్టుకోవాలి.

ఎన్ని వాట్లు కావాలి

హీటర్ డబ్బా మీద రాసి ఉన్న ‘ఇన్ని లీటర్ల ట్యాంక్‌కి ఇన్ని వాట్లు’ అనే లెక్కని నమ్మకండి. ఎన్‌క్లోజర్ దేనితో చేశారన్నదే ముఖ్యం. 120 × 60 × 60 సెం.మీ. పెట్టెకి ఆరు ముఖాలూ కలిపి 3.6 చదరపు మీటర్లు. 18 మి.మీ. చెక్క అయితే గదికన్నా ఒక్క డిగ్రీ పైన ఉంచడానికి సుమారు 9 వాట్లు ఖర్చవుతాయి. అదంతా గాజు అయితే 13–14 వాట్లు. లోపలి సగటు వేడిని గదికన్నా 7 డిగ్రీలు పైన నిలపాలంటే చెక్క పెట్టెకి 60 చిల్లర, గాజు పెట్టెకి 95 దాకా. పైన జాలీ మూత ఉంటే వేడి గాలి నేరుగా బయటికి పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ ఒక సంగతి చెప్పకనే చెబుతుంది: చల్లని గదిలో గాజు ట్యాంక్‌ని వేడి చేయడానికి పెద్ద హీటర్ వెతికే ముందు, వెనకా పక్కలా మూడు వైపులా బయటి నుంచి థర్మోకోల్ షీట్ అంటించడం తేలిక. పాముకి కూడా మూడు వైపులా మూసి ఉంటేనే ధైర్యం. అయితే ఆ షీటు బల్బుకీ, మ్యాట్‌కీ తగలకుండా దూరంగా ఉండాలి.

లెక్కలో వచ్చినదానికి మూడో వంతు అదనంగా తీసుకోండి. హీటర్ ఎప్పుడూ పూర్తి శక్తితో నడుస్తుంటే థర్మోస్టాట్‌కి (వేడిని కొలుస్తూ హీటర్‌ని ఆపి నడిపే పరికరం) చేయడానికి పని ఉండదు. అలాగని మూడింతలు పెట్టడం ఇంకా ప్రమాదం. థర్మోస్టాట్ పాడైన రోజు ఆ అదనపు వాట్లన్నీ పాము మీదే పడతాయి.

హీట్ మ్యాట్: దాని పని దానికుంది

హీట్ మ్యాట్ పలచగా ఉండే షీటు. అడుగున పెడితే నేలని వేడి చేస్తుంది. గాలిని వేడి చేయడం దాని వల్ల కాదు, మహా అయితే రెండు మూడు డిగ్రీలు. గది 22 కన్నా తగ్గనివాళ్లకీ, ప్లాస్టిక్ టబ్బుల్లోనో చిన్న ట్యాంకుల్లోనో పిల్ల పాముల్ని పెంచేవాళ్లకీ ఇది ఇప్పటికీ మంచి ఎంపికే. కరెంటు తక్కువ తాగుతుంది, గాలిని ఎండబెట్టదు, వెలుతురు ఉండదు.

నేల వైశాల్యంలో మూడో వంతుకి మించి మ్యాట్ ఉండకూడదు, ఒక కొసకే ఉండాలి. ఎప్పుడూ బయట, ట్యాంక్ అడుగు కిందే. లోపల పెడితే పాము దాని కిందికి దూరుతుంది, నీళ్లు ఒలికితే వైర్ల దాకా పోతాయి. ట్యాంక్‌ని నేరుగా బల్ల మీద ఆనించకుండా నాలుగు మూలలా రబ్బరు కాళ్లు పెట్టి 5–10 మి.మీ. సందు వదలండి. ఆ సందు లేకపోతే వేడి కింద చిక్కుకుని మ్యాట్ మాడిపోతుంది, ఒక్కోసారి గాజు పగులుతుంది. చెక్క ఎన్‌క్లోజర్ కింద మ్యాట్ పెట్టడం దండగ. చెక్క వేడిని ఆపేస్తుంది, మ్యాట్ మాత్రం లోలోపల కాగుతుంది.

మ్యాట్‌తో జరిగే పొరపాట్లలో పెద్దది సబ్‌స్ట్రేట్ (నేల మీద పరిచే పొర) మందం. కొబ్బరి పొట్టో, చెక్క ముక్కలో 5 సెం.మీ. వేస్తే పైన చల్లగానే ఉంటుంది. పైన 32 రావాలని థర్మోస్టాట్ పెంచుకుంటూ పోతే కింద గాజు 45 దాటుతుంది. రాత్రి పాము తవ్వుకుంటూ కిందికి పోయి ఆ గాజు మీద చుట్ట చుట్టుకుంటుంది. పొట్ట కింద పొలుసులు కాలి ఎర్రబడి, తర్వాత బొబ్బలెక్కే కేసులు ఇలా వచ్చినవే. కాబట్టి మ్యాట్ వాడితే మందం 1–2 సెం.మీ. దాటకూడదు. కొలవాల్సింది పై పొరని కాదు, పొట్టుని పక్కకి జరిపి కింద బోసి నేలని. అది 33 దాటకూడదు.

హాగ్‌నోస్, సాండ్ బోవా లాంటి తవ్వే పాములకి మ్యాట్ ఇంకో కారణంతో కూడా సరిపడదని నా అభిప్రాయం. ఇసుక నేలల్లో ఎండ పై నుంచి వస్తుంది, కిందికి తవ్వేకొద్దీ చల్లదనం దొరుకుతుంది. ఒళ్లు వేడెక్కితే కిందికి పోవాలని వాటి ఒంట్లోనే ఉంది. మ్యాట్ పెడితే ఆ లెక్క తలకిందులవుతుంది. చల్లదనం కోసం తవ్విన పాము నేరుగా వేడి మీదికి చేరుతుంది.

పై నుంచి వచ్చే వేడి

హాలోజెన్ ఫ్లడ్ ల్యాంప్ ఎండకి దగ్గరగా ఉంటుంది. ఎండలో ఉండే ఇన్‌ఫ్రారెడ్‌లో (కంటికి కనబడని వేడి కిరణాల్లో) పొట్టి తరంగాలు (700–1400 నానోమీటర్లు) ఎక్కువ. అవి చర్మం పై పొరనే కాకుండా కాస్త లోపలికి వెళ్లి కండని వేడి చేస్తాయి. హాలోజెన్ ఇచ్చేదాంట్లో ఈ భాగం బాగా ఉంటుంది. సెరామిక్ బల్బు, మ్యాట్, ప్యానెల్ ఇచ్చేవి దాదాపు అన్నీ పొడుగు తరంగాలు, 3000 నానోమీటర్ల పైన. వాటి వేడి చర్మం దగ్గరే ఆగి, అక్కడి నుంచి రక్తం ద్వారా మెల్లగా లోపలికి చేరుతుంది. పగలు ఎండ కాచుకునే జాతులకి హాలోజెన్‌కి సాటి లేదు. రాత్రి తిరిగే బాల్ పైథాన్ కూడా పగలు దాని కింద వేడెక్కిన పలక రాయిని వాడుకుంటుంది.

కొనేటప్పుడు పార్-30 లేదా పార్-38 సైజు, కాంతి వెడల్పుగా పడే ఫ్లడ్ రకం తీసుకోండి. స్పాట్ రకం అరచేతంత చోటునే కాలుస్తుంది. అలమారాల్లో అలంకరణకి వాడే చిన్న డైక్రోయిక్ హాలోజెన్‌లు అసలు పనికిరావు, వాటి రిఫ్లెక్టర్ వెలుతురుని ముందుకీ వేడిని వెనక్కీ పంపేలా చేసి ఉంటుంది. కరెంటు ఆదా చేసే ఇన్‌ఫ్రారెడ్ పూత రకాలదీ అదే కథ. వేడి పడే చోటు చుట్ట చుట్టుకున్న పాము మొత్తం పట్టేంత వెడల్పుండాలి. రెండు మీటర్ల బోవాకి ఒక 100 వాట్ల బల్బు పెడితే వీపు మధ్యలో కాలుతుంది, తోకకి చలి తగులుతుంది, పాము కదలకుండా అక్కడే పడి ఉంటుంది. దాని బదులు పక్కపక్కన రెండు 50 వాట్లవి పెట్టాలి. బల్బుకీ పాము వీపుకీ మధ్య 30–45 సెం.మీ. దూరంతో మొదలుపెట్టి కొలతని బట్టి జరుపుకోండి. దూరం కొద్దిగా తగ్గినా వేడి చాలా పెరుగుతుంది కాబట్టి, కింద రాయి మందం మార్చినా, కొమ్మ ఎత్తు పెంచినా మళ్లీ కొలవాల్సిందే.

సెరామిక్ బల్బుకి వెలుతురు లేదు, కాబట్టి రాత్రి గాలిని వేడిగా ఉంచడానికి వాడతారు. పైపెచ్చు చాలా ఏళ్లు పని చేస్తుంది. ఇబ్బందులు రెండు. దాని ఒళ్లు 200 డిగ్రీలు దాటడం మామూలే, కాబట్టి ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది, పింగాణీ హోల్డరే వాడాలి. రెండోది, పాడైనా చూసి చెప్పలేం, వెలగని బల్బు చచ్చిందో బతికుందో థర్మామీటరే చెప్పాలి. డీప్ హీట్ ప్రొజెక్టర్ అనేది హాలోజెన్‌కీ సెరామిక్‌కీ మధ్యది: వెలుతురు దాదాపు ఉండదు, సెరామిక్ కన్నా పొట్టి తరంగాలు ఎక్కువ ఇస్తుంది. రాత్రి చలి బాగా ఉండే గదులకి, హాలోజెన్‌కి తోడుగా పెట్టుకోవచ్చు.

రేడియంట్ ప్యానెల్ పైకప్పుకి లోపల బిగించే పలక. వేడి ఒకే చోట కాకుండా పరుచుకుని పడుతుంది, పలక మీద పాము ఆనినా బల్బు కాల్చినట్టు కాల్చదు. పెద్ద చెక్క లేదా పీవీసీ ఎన్‌క్లోజర్లలో కొండచిలువలకీ, చెట్టు పాములకీ నా ఓటు దీనికే. ఎత్తు 60 సెం.మీ. దాటితే మాత్రం కింద చాలినంత వేడి అందుతోందో లేదో చూసుకోవాలి.

రాత్రి కోసమని అమ్మే ఎరుపు, నీలం బల్బులు వద్దు. ఆ రంగు వెలుతురు పాములకి కనబడదన్న మాటలో నిజం లేదు. రాత్రి చీకటి కావాలి. ఇక లోపల పెట్టే వేడి రాళ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: వేడి సమానంగా రాదు, పాము వాటినే నేరుగా చుట్టుకుంటుంది, కాలుతుంది.

పైన ఏది పెట్టినా, అది ఎన్‌క్లోజర్ లోపలుంటే చుట్టూ లోహపు గార్డు తప్పనిసరి. పాము తల దూరే సందు ఎక్కడా ఉండకూడదు. గార్డుకీ బల్బుకీ మధ్య ఖాళీ ఉండాలి, లేకపోతే గార్డే పెనంలా కాగుతుంది. మూత మీద క్లిప్పుతో తగిలించే దీపాలు జారిపడి నిప్పు అంటుకున్న సందర్భాలున్నాయి. గొలుసుతో పైనుంచి వేలాడదీయండి.

థర్మోస్టాట్, ప్రోబ్

హీటర్‌కి డబ్బు చాలక థర్మోస్టాట్ వాయిదా వేసేవాళ్లున్నారు. తలకిందులు పని. థర్మోస్టాట్ లేని హీటర్‌ని పాము దగ్గర ఒక్క రాత్రి కూడా వాడకూడదు. మ్యాట్‌ని నేరుగా సాకెట్‌కి పెడితే 50 డిగ్రీలు దాటగలదు.

మూడు రకాలున్నాయి, ఏ హీటర్‌కి ఏది అన్నదే అసలు సంగతి. ఆన్-ఆఫ్ రకం చవక, మ్యాట్‌కీ సెరామిక్‌కీ సరిపోతుంది, వేడి ఒకటి రెండు డిగ్రీలు ఊగుతుంది. పల్స్ రకం కరెంటుని చిన్న చిన్న దఫాలుగా వదులుతుంది, మ్యాట్, సెరామిక్, ప్యానెల్ అన్నిటికీ నిలకడగా ఉంచుతుంది. వెలుతురిచ్చే బల్బుకి మాత్రం ఈ రెండూ పనికిరావు. హాలోజెన్ ఆగి ఆగి వెలుగుతూ పాముని బెదరగొడుతుంది, ఫిలమెంట్ త్వరగా తెగుతుంది. దానికి కరెంటుని మెల్లగా తగ్గించి పెంచే డిమ్మింగ్ రకమే కావాలి. డీప్ హీట్ ప్రొజెక్టర్‌కి డిమ్మింగ్ లేదా పల్స్. కొన్ని డిమ్మింగ్ థర్మోస్టాట్‌లకి కనీస లోడ్ ఉంటుంది, అంతకన్నా చిన్న మ్యాట్ తగిలిస్తే సరిగ్గా ఆపవు. గరిష్ఠ లోడ్‌లో 80 శాతం దాటకండి. పగటి హాలోజెన్‌కీ రాత్రి సెరామిక్‌కీ ఒకే థర్మోస్టాట్ పంచకండి, దేని థర్మోస్టాట్ దానికుండాలి.

థర్మోస్టాట్ ఎలా పాడవుతుందో తెలిస్తే రెండో థర్మోస్టాట్ అవసరం అర్థమవుతుంది. ఆన్-ఆఫ్ రకంలో రిలే (హీటర్‌కి కరెంటు కలిపే, తెంచే స్విచ్) కాంటాక్టులు రోజుకి ఎన్నోసార్లు తెరుచుకుని మూసుకుంటూ, చివరికి ఒక రోజు అతుక్కుపోతాయి. డిస్‌ప్లే మీద అంతా బాగానే కనిపిస్తుంది, హీటర్ మాత్రం ఆగదు. అందుకే గోడ సాకెట్‌కి మొదట ఒక మామూలు ఆన్-ఆఫ్ థర్మోస్టాట్, దానికి అసలు థర్మోస్టాట్, ఆ తర్వాత హీటర్. ముందుదాన్ని అసలుదానికన్నా 3 డిగ్రీలు ఎక్కువకి పెట్టి, దాని ప్రోబ్‌ని (వైరు చివర వేడిని కొలిచే మొన) అసలు ప్రోబ్ పక్కనే బిగించండి. మామూలు రోజుల్లో అది ఏమీ చేయదు. అదే దాని పని.

ప్రోబ్ ఎక్కడుందన్నదే థర్మోస్టాట్‌కి తెలిసిన లోకం. మ్యాట్ అయితే ప్రోబ్‌ని మ్యాట్‌కీ ట్యాంక్ అడుగుకీ మధ్య పెట్టండి. లోపల పెడితే పాము తోసేస్తుంది, చల్లని మూలకి చేరిన ప్రోబ్ ‘ఇంకా చాలలేదు’ అనుకుని మ్యాట్‌ని నడిపిస్తూనే ఉంటుంది. నీళ్లో, మూత్రమో పడి తడిసిన ప్రోబ్‌దీ ఇదే తంతు. తడి ఆరుతూ దాన్ని చల్లబరుస్తుంది, థర్మోస్టాట్ వేడి పెంచుతుంది. హాలోజెన్ అయితే కాంతి పడే చోటు అంచున, పాము వీపు ఎత్తులో, గోడకి కేబుల్ క్లిప్పుతో స్క్రూ వేసి బిగించండి. ప్రోబ్ దగ్గర అంకె 29 అయినప్పుడు రాయి మీద 32 ఉందా, అయితే 29కే పెట్టుకోవాలి. ఆ రెండు అంకెలూ ఒకటి కానక్కర్లేదు.

టేపుతో మాత్రం ప్రోబ్‌ని లోపల అంటించకండి. ఎంత గట్టి టేపైనా తేమకి ఊడుతుంది, పాము దానికి అతుక్కుంటుంది, విడదీస్తే పొలుసులతో చర్మం చిరుగుతుంది. అలా అతుక్కుంటే లాగకుండా వంట నూనె రాసి, జిగురు కరిగేదాకా ఓపిగ్గా తీయాలి.

వైర్లు సాకెట్‌కి చేరేముందు కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా వదలండి. వైరు వెంట జారిన నీళ్లు సాకెట్లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ తెంచే పరికరం) ఉన్న లైన్ మీదే ఇదంతా నడవాలి.

కొలవడం, తేమ

అద్దానికి అంటించే గుండ్రటి ముల్లు మీటర్లు అద్దం దగ్గరి గాలి గురించి ఏదో ఒకటి చెబుతాయి, అంతే. రెండు కొసల్లో రెండు డిజిటల్ ప్రోబ్ థర్మామీటర్లు, కనిష్ఠ-గరిష్ఠ గుర్తుంచుకునే రకం పెట్టండి. దంచిన ఐసుముక్కలూ నీళ్లూ కలిపిన గ్లాసులో ముంచితే 0 చూపాలి, ఒకటి రెండు డిగ్రీలు తేడా ఉంటే ఆ తేడా రాసి అంటించుకోండి. ఉపరితలాలకి ఇన్‌ఫ్రారెడ్ గన్ (తాకకుండా వేడిని కొలిచే థర్మామీటర్). దాన్ని అద్దం బయటి నుంచి వాడితే అద్దం వేడినే చెబుతుంది, తలుపు తీసి దగ్గర నుంచి కొట్టాలి. మెరిసే లోహం మీద కూడా దాని మాట నమ్మొద్దు.

‘వేడి పెడితే తేమ పడిపోతోంది, కుబుసం ముక్కలు ముక్కలుగా వస్తోంది’ అనే ఫిర్యాదుకి సెరామిక్ బల్బుని తిడతారు గానీ, ఏ హీటరైనా అంతే. 22 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని 32కి వేడి చేస్తే, అందులో నీరు అంతే ఉన్నా, తేమ శాతం 39కి దిగుతుంది. హీటర్ మార్చడం దీనికి మందు కాదు. జాలీ మూతలో బల్బుకి దూరంగా ఉన్న భాగాన్ని మూసేయండి, నీళ్ల గిన్నె పెద్దది పెట్టండి, సబ్‌స్ట్రేట్ అడుగు పొరని తడపండి (మ్యాట్ వాడనివాళ్లయితే మందంగా వేసుకోవచ్చు), చల్లని వైపు గూట్లో తడి నాచు ఉంచండి.

అన్నీ బిగించాక పాముని వెంటనే లోపల వదలకండి. 48 గంటలు ఖాళీగా నడపండి, వాటిలో ఒక రాత్రి చల్లగా ఉండేలా చూసుకోండి. పొద్దున, మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక నాలుగు చోట్ల కొలవండి: వేడి రాయి, వేడి గూడు లోపల, మధ్య, చల్లని గూడు. ప్రోబ్‌ని గుప్పిట్లో పట్టుకుని వేడి చేస్తే హీటర్ ఆగుతోందో లేదో చూడండి. ఈ గుప్పిటి పరీక్ష నెలకోసారి చేస్తే రిలే అతుక్కున్న సంగతి పాముకన్నా ముందు మీకు తెలుస్తుంది.

వేసవిలో గదే 32 దాటితే హీటర్ ఏదైనా దండగే, అప్పుడు కాపాడాల్సింది చల్లని కొసని. హీటర్ తీసేసి, ఎన్‌క్లోజర్‌ని గదిలో చల్లని గోడ పక్కకి, నేలకి దగ్గరగా దించండి. కరెంటు పోయిన చలి రాత్రి మాత్రం కంగారు పడకండి. తిండి పెట్టి రెండు రోజులు కాకపోతే తప్ప, ఆరోగ్యంగా ఉన్న పాముకి ఒక రాత్రి 20 డిగ్రీలు పెద్ద ప్రమాదం కాదు. గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పెట్టె మీద దుప్పటి కప్పి, వేడి నీళ్ల సీసాని తువ్వాల్లో చుట్టి బయట ఒక పక్క గోడకి ఆనించండి. దుప్పటి కప్పేముందు హీటర్ ప్లగ్గు తీసేయండి. అర్ధరాత్రి కరెంటు వచ్చి దాని కింద బల్బు వెలిగితే చలి కన్నా పెద్ద ముప్పు అదే.